తడిబట్టల కొలువు

కంకాళద్వీపం చుట్టూ సముద్రంలో నల్లటి అయస్కాంత శిలలు కోరల్లా మొలిచి ఉంటాయి. ఇనప మేకు ఒక్కటున్నా సరే, ఏ ఓడా వాటి పక్కనుంచి క్షేమంగా దాటలేదు. శిలలు మేకులన్నిటినీ పీకేసుకుంటాయి, పలకలు దేనికది విడిపోతాయి, మిగిలిన పని సొరచేపలు చూసుకుంటాయి. అటువంటి చోట ఆ ఉదయం యువరాజు అరిందముడి ఓడ తెరచాప నిండా గాలి పోసుకుని, పెళ్లివారి పల్లకిలా ఊగుతూ శిలల నడుమ సాగిపోయింది. ఆ ఓడలో ఇనుము లేదు. దానికి దిగ్గొట్టిన ప్రతి మేకూ రాగిదే.

"దాటేశాం ప్రభూ!" అని సరంగు కేకపెట్టాడు.

ఆ కేక ఇంకా నోట్లో ఉండగానే యువరాజు నడుమున ఉన్న కత్తి దానంతట అదే ఒరలోంచి జర్రున లేచి, గాల్లో గిరికీలు కొట్టి, ఎదురుగా ఉన్న శిలకు ఠంగున అతుక్కుపోయింది. ఓడంతా రాగితో బిగించిన మహానుభావులు యువరాజు మొలలోని ఇనుము సంగతి మరిచిపోయారు! అరిందముడు క్షణంపాటు కత్తివంక చూశాడు. తరువాత నవ్వేసి, ఓడ మోకు ఒకటి భుజాన వేసుకుని, "కత్తి పోతే చేతులున్నాయి కదా!" అంటూ నీళ్లలోకి దూకాడు.

అతను వెళుతున్నది ద్వీపం నడిబొడ్డున ఉన్న గుహకు. ఆ గుహలో మాంత్రికుడు కాలదంష్ట్రుడు వెలిగించిన ఏడువత్తుల దీపం ఉంది. అందులో కాలుతున్నది నూనె కాదు. యువరాజు తండ్రి, తామ్రశిఖర రాజ్యాధిపతి కీర్తిధ్వజ మహారాజు ప్రాణం. రాజ్యాన్ని తన కాళ్ల దగ్గర పెట్టమని మాంత్రికుడు అడిగితే ఆ మహారాజు కాదన్నాడు. ఆ పాపానికి సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే శిలైపోయాడు. వత్తులు ఒక్కొక్కటే ఆర్పుతూ పోతే ఆయన తలనుంచి కిందికి మళ్లీ మనిషవుతూ వస్తాడు. అవి కాలి బూడిదైతే ఇక ఎన్నటికీ కాడు.

కాలదంష్ట్రుడు ద్వీపంలో ఉంటే అక్కడ చీమైనా అడుగు పెట్టలేదు. కానీ ఆ వేకువనే అతను మారువేషంలో కొలువులో కూర్చోవాలని రాజధానికి బయలుదేరాడు. ఖజానాలోంచి పెద్ద మొత్తం గుట్టుగా బయటికి పోయిందని అతని కాకులు మోసుకొచ్చాయి. అది ఎందుకు పోయిందో తెలుసుకోనిదే అతనికి ముద్ద దిగదు. మాంత్రికులకు దురాశ కన్నా అనుమానం పెద్ద జబ్బు. అతను ఆకాశమార్గాన రాజధానివైపు పోవడం ఓడమీదినుంచి చూసిన అరిందముడు, ఆ రోజే పెద్దకొలువని తెలుసు కనుక, మనోవేగంగల తన గోరువంకను వెంటనే ఎగరేశాడు. "మాంత్రికుడు మన కొలువుకే వస్తున్నాడు. ఏ వేషమో తెలియదు. నేను వత్తులు ఆర్పేదాకా అతణ్ణి అక్కడే కట్టిపడేయాలి" అన్నది కబురు. ఆ కబురు సేనాపతికి కాదు, మంత్రికీ కాదు. కోశాధికారిణి వకుళమాలకు.

ఎందుకంటే, అంతఃపురంలో సైతం ఎవరికీ తెలియకుండా ఆ రాగిమేకుల ఓడ కట్టించింది ఆవిడే.

రాజధాని జయకేతనంలో పెద్దకొలువు జరిగే మండపం చూసి తీరవలసిందే. స్తంభాలకు నిలువునా రాగిరేకు తాపడం. ఆ రేకుమీద పూలతీగలు, తీగల్లో జింకలు, జింకల కళ్లకు కెంపులు. పైకప్పు నడుమ గుండ్రటి వెలుతురు కన్నం. దాన్లోంచి దిగిన ఎండ నేలమీద బంగారు పళ్లెం పరిచినట్టు పడుతుంది. పడమటి గోడవారగా ఏనుగు దంతాల సింహాసనం. దానిమీద శిలైపోయిన కీర్తిధ్వజ మహారాజు. కనుబొమలు కాస్త ముడిపడి, కుడిచెయ్యి కాదన్నట్టుగా పైకి లేచి అలాగే ఉండిపోయింది. రోజూ ఉదయం పరిచారకులు ఆ చేతికి పూలదండ తగిలించి, కళ్లొత్తుకుని పోతారు.

సింహాసనానికి ఎదురుగా నేలలో నల్లటి సత్యశిల. ఏడాదికొకసారి కోశాధికారి దానిమీద నిలబడి ప్రజల సొమ్ముకు జవాబు చెప్పుకోవాలి. నాడుకొకరు, అంటే సీమకొకరు చొప్పున నాటిపెద్దలు వచ్చి, అటూ ఇటూ బారులుతీరి కూర్చుని ప్రశ్నలు వేస్తారు. ఇందులో తామ్రశిఖరం వారికొక ఆచారం ఉంది. కోశాధికారి మండపంలోనే ఒక మూలన ఉన్న బావిదగ్గర తలారా స్నానం చేసి, నీళ్లోడుతున్న బట్టలతోనే వచ్చి శిల ఎక్కాలి. ఆ తడి ఒంటిమీద ఉన్నంతసేపూ ప్రశ్నలు వేయవచ్చు. ఆ తడిమీద ఆడినది ప్రమాణం. తడి ఆరగానే ప్రశ్నలు ఆగిపోతాయి, పెద్దలు తీర్పు చెబుతారు. మెచ్చితే పట్టుశాలువా కప్పుతారు. తప్పు తేలితే తాళపుచెవి లాక్కుని, దాన్ని పట్టిన చెయ్యి నరికేస్తారు. తీర్పు అయ్యేదాకా మండపం తలుపులు తెరవరు.

ఇక చెప్పేదేముంది! వెనకటి కోశాధికారులందరూ నడివేసవిలో ముహూర్తం పెట్టించుకుని, దోమతెరలాంటి పలచటి పంచెలు కట్టుకుని వచ్చేవారు. ఒకాయనైతే రెండో ప్రశ్న పూర్తయ్యేసరికి ఎండుమిరపకాయలా తయారై, "ఆరిపోయింది బాబూ!" అని చెంగున శిల దిగేశాడట. వకుళమాల అలాంటి మనిషి కాదు. ఆవిడ ఉప్పుకొఠార్ల వారి బిడ్డ. జుట్టు నెరిసింది, మాట నెరవలేదు. పదవిలోకి వచ్చిన నాటినుంచి ఏనాడూ పలచటి బట్ట కట్టి శిల ఎక్కలేదు. ఈసారి ఏకంగా మార్గశిర మాసపు చలిలో, దుప్పటంత మందంగా ఉన్న ముతక నేతచీర కట్టుకుని, నాలుగు మూలలా నీళ్లు కారుతుండగా నడిచివచ్చింది. మెడలో ఖజానా తాళపుచెవి, దాని రాగి గొలుసు. చలికి పెదవులు నీలం తిరిగాయి గాని నడకలో తొట్రుపాటు లేదు.

"ఏమమ్మా, ఇవాళ నీకు ఆరే ఉద్దేశం లేనట్టుందే?" అన్నాడు సభాపతి విశ్వంభరుడు.

"దాచుకునేది ఉన్నవాళ్లకు కదా తొందరగా ఆరవలసింది!" అంది వకుళమాల, శిల ఎక్కి.

సభ నవ్వింది. ఎర్రమల నాటిపెద్ద గండమనాయకుడు మాత్రం నవ్వలేదు. ఆయన మీసాలు తెల్లవి, మనసు అంతకన్నా తెల్లది. తన నాడులో చెరువుకట్ట తెగితే తానే భుజాన మట్టితట్ట మోసిన మనిషి. ఆయన లేచి నిలబడితే చుట్టూ గుసగుసలు ఆగిపోతాయి.

"అమ్మా, వకుళమ్మా! నిన్ను ఇలా అడగవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఖజానాలోంచి, రాజముద్ర లేకుండా, పదివేల వరహాలు బయటికి పోయాయంటున్నారు. అవునా, కాదా?"

"అవును."

"తీసినవాడెవడు?"

"వాడు కాదు నాయకా. నేనే."

సభ భగ్గుమంది. రాజముద్ర లేనిదే చిల్లిగవ్వ కదలరాదన్నది తాతలనాటి చట్టం. ఆ ముద్ర వేయవలసిన రాజేమో రాయై కూర్చున్నాడు. పెద్దలు ఒకరిమీద ఒకరు పడి అరిచారు. సభాపతి చేతిలోని కర్రతో నేలమీద కొట్టి కొట్టి, చివరకు కర్ర విరిగాక గాని సద్దుమణగలేదు.

"ఎందుకు తీశావు?" అని అడిగాడు గండమనాయకుడు. "దాని సంగతి చెప్పు తల్లీ. న్యాయమైన ఖర్చని మాకు తోస్తే నీ చెయ్యి నీకుంటుంది."

ఇక్కడే ఉంది చిక్కంతా. అబద్ధమాడితే ప్రమాణభంగం. నిజం చెబితే ఆ కూర్చున్నవారిలో ఒకడు రెక్కలు కట్టుకుని ద్వీపానికి ఎగిరిపోతాడు. కత్తైనా లేని యువరాజు వాడి గోళ్లకు చిక్కుతాడు, మహారాజు శాశ్వతంగా రాయిగా మిగులుతాడు. నోరు మూసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. వకుళమాల తడికొంగు బిగించి నడుముకు దోపింది.

"చెబుతాను నాయకా. కానీ ఖర్చు చెప్పేటప్పుడు నాడులవారీగా, తూర్పునుంచి వరసగా చెప్పాలన్నది మీరు పెట్టిన నియమమే. ఈ ఖర్చు వరసలో చిట్టచివర వస్తుంది. వరస తప్పి చెబితే రేపు మీరే నన్ను తప్పు పడతారు."

సభాపతి చట్టం తెలిసినవాడు కనుక తల ఊపక తప్పలేదు. వకుళమాల తూర్పునాడుతో మొదలుపెట్టింది.

ఆహా, ఏం చెప్పింది! ఏ ఏటికి ఏ వంతెన వేశారో, వానకు కూలిన సత్రానికి ఎవరి ఇటికలు ఎంతకు కొన్నారో, గుర్రాలకు పెట్టిన ఉలవల్లో రాళ్లు కలిపిన వర్తకుణ్ణి ఎలా పట్టుకున్నారో, అన్నీ చిట్టా చూడకుండా నోటితోనే. ఒక్కచోట తడుముకోలేదు, ఒక్కచోట గొప్పలు పోలేదు. పొరపాటున చెడిన పని వస్తే "అది నా తప్పు, కాలువ ఎత్తు సరిగా చూడలేదు, నీళ్లు వెనక్కి తన్నాయి" అని మొహం మీదే చెప్పేసింది. ఈ రాజ్యంలో కాదు, ఏ రాజ్యంలోనైనా సరే, తన తప్పును ఇంత గట్టి గొంతుతో చెప్పిన అధికారిని చూపించండి, కాళ్లకు దండం పెడతాను.

జవాబు నడుస్తుండగా ఎవరూ కొత్త ప్రశ్న వేయకూడదు. అయితే తన నాడు పేరు వచ్చినప్పుడు మాత్రం లేచి మొరపెట్టుకోవచ్చు. ఇక అడగాలా! సత్రం కట్టించానంటే "బావి ఏది?" అని ఒకాయన లేచాడు. బావి తవ్వించానంటే "గిలక ఏది?" అని ఇంకొకాయన. రెండు వంతెనలు వేయించుకున్న పెద్దమనిషి మూడోది వేయలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు పెట్టినా అడిగే రకం. మామూలు రోజుల్లో ఆవిడకు ఈ గోల తలనొప్పి. ఆ రోజు మాత్రం ప్రతివాడి మొరా చెవిలో తేనె పోసినట్టుంది. ఎంత మొరపెడితే అంత పొద్దు గడుస్తుంది కదా!

చెబుతూనే ఒక్కొక్కరి ముఖమూ చూస్తోంది. వీళ్లలో వాడెవడు?

"ఇక తుమ్మెదకోన నాడు," అంది వకుళమాల. "నిజం చెప్పాలి. అక్కడ బాట వేస్తానని మాట ఇచ్చాను. సొమ్ము చాలలేదు. ఈ ఏడు తుమ్మెదకోనకు ఖజానానుంచి గవ్వ కూడా వెళ్లలేదు."

తుమ్మెదకోన నాటిపెద్ద భైరవయ్య మూడో బారులో, నున్నటి ముఖంతో కూర్చుని ఉన్నాడు. అతను శాంతంగా తల ఊపి, "మంచిది, మంచిది. తరువాత?" అన్నాడు.

వకుళమాల చప్పున అతనివైపు తిరిగింది. తన నాడుకు గవ్వ రాలేదని విని మంచిది అనే నాటిపెద్ద ఈ భూప్రపంచంలో ఉంటాడా? పైగా ఈ భైరవయ్య! పోయినేడు తన నాడుకు ఒక దీపస్తంభం తగ్గిందని ఇదే మండపంలో పొర్లుదండాలు పెట్టిన మనిషి! వేషం ముక్కూ మొహంతో సరిపోతుందనుకున్నాడు కాలదంష్ట్రుడు. జన్మలో ఎవరి కోసమూ ఒక వంతెన అడిగి ఎరగనివాడికి, అడిగేవాడి కడుపుమంట ఎలా తెలుస్తుంది! అసలు భైరవయ్య ఆ సమయానికి తుమ్మెదకోన బాటపక్క ఎవరి పందిరికో సొరకాయై వేలాడుతున్నాడని తరువాత తెలిసింది.

ఇక ఆవిడకు గురి దొరికింది. చూపు ఆ నున్నటి ముఖం మీద పెట్టి చెప్పసాగింది. అతను విసుగుతో పైకప్పు కన్నంవైపు చూసినప్పుడల్లా, "ఇక సముద్రతీరం సంగతికి వస్తున్నాను" అనేది. అతను టక్కున చూపు దించి చెవులు రిక్కించేవాడు. ఆవిడ రేవుల్లో వలలకు ఇచ్చిన నూలుగురించి మొదలుపెట్టేది. ఇంకాసేపటికి అతను లేవబోతే, "ఆ పదివేలలో మొదటి వెయ్యీ..." అనేది. కూర్చునేవాడు. ఎరను చూపించి చేపను ఒడ్డువెంట నడిపించినట్టు నడిపించింది. గుహలూ మంత్రాలూ నేర్చిన మహామాంత్రికుడు వలలు, నూలు, ఉప్పుమళ్ల గట్లు వింటూ కూర్చున్నాడు!

అక్కడ ద్వీపంలో అరిందముడి పని అంత కులాసాగా లేదు. గుహముందు కాగుతున్న ఇసుక మైదానం. అడుగు వేస్తే అరికాలు మాడిపోతుంది. ఓడ మోకును దూరంగా ఉన్న ఎండుచెట్టు కొమ్మకు విసిరి, దానికి వేలాడుతూ ఊగి ఇసుకను దాటి, మోకును మళ్లీ లాక్కున్నాడు. దాటి నిలబడేసరికి గుహద్వారంలో కంచుతల నాగు పడగెత్తి ఉంది. కత్తి లేదు. నాగు కాటు వేయబోయేలోగా మోకు కొసన ఉచ్చు బిగించి దాని మెడకు వేసి, రెండో కొసను బండరాతికి చుట్టి లాగాడు. నాగు బుసకు అతని జుట్టు కొసలు కమిలిపోయాయి. దాని తోక దెబ్బకు మోకాలు పగిలింది. కుంటుతూ, నెత్తురోడుతూ, అతను దీపంవైపు పాకాడు.

జయకేతనంలో పొద్దు నడినెత్తికి వచ్చింది. కన్నంలోంచి దిగిన ఎండ తిన్నగా సత్యశిలమీద పడి, ముతక చీర అయినా సరే పొగలు కక్కుతూ ఆరసాగింది. కొంగు ఆరింది. కుచ్చిళ్లు ఆరాయి. సభాపతి వచ్చి చెంగు తాకి చూసి, "ఇక ఆఖరి మడత మిగిలిందమ్మా" అన్నాడు. వకుళమాల సింహాసనంవైపు చూసింది. రాయి రాయిగానే ఉంది.

"సభాపతీ! నాకు ఇంకొక కుండెడు నీళ్లు పోయించండి."

సభ నివ్వెరపోయింది. అధికారి కోరితే మళ్లీ తడుపుకోవచ్చని చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ ఏ తాతల కాలంలోనూ ఎవరూ కోరిన పాపాన పోలేదు. పరిచారకుడు కుండ తెచ్చి ఆవిడ నెత్తిన గుమ్మరించాడు. చలికి ఆవిడ పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. ఆ వెంటనే హాచ్చిమని తుమ్మింది.

"తుమ్మింది! ఆగండి, ఆగండి!" అన్నాడు సభాపతి. శకునాల పిచ్చి ఆయనకు మహా జాస్తి. తుమ్ముకు ఎదురుపోకూడదని సభనంతా కాసేపు కూర్చోబెట్టి, తలా ఒక చెంబు మంచినీళ్లు ఇప్పించాడు. వకుళమాల తుమ్మును ఆ రోజు రాజ్యం తరఫున అందరమూ మెచ్చుకోవాలి.

కానీ గండమనాయకుడు ముఖం మాడ్చుకున్నాడు. తడి ఆరితే తీర్పు, తీర్పు అయితే చెయ్యి. ఆరకుండా నీళ్లు పోయించుకుందంటే అర్థమేమిటి? ఆయనకు ఒక్కటే అర్థం తోచింది.

"చేతికి భయపడుతున్నావా వకుళమ్మా?" అన్నాడు. "నీ తండ్రి ఉప్పుతోపాటు రోషం కూడా అమ్మేశాడా? ఇన్నేళ్లూ మా నాడులో పిల్లలకు నీ పేరు చెప్పి నిజం నేర్పాం. నేను సిగ్గుపడుతున్నాను."

ఆ మాట వకుళమాలకు కత్తిలా దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లంతా తడే కనుక ఎవరికీ కనబడలేదు. ఒక్కమాట చెబితే ఆ ముసలాయన ముఖం వెలిగిపోతుంది. ఆ ఒక్కమాట చెప్పడానికి వీల్లేదు. "తరువాతది పడమటి నాడు నాయకా," అని మాత్రం అంది, గొంతు సవరించుకుని.

పడమటి నాడు అయిపోయింది. దాని తరువాతది కూడా అయిపోయింది. వరసలో ఇక నాడులు మిగలలేదు. దొంగ భైరవయ్య ముందుకు వంగి, పెదవులు తడుపుకున్నాడు.

అప్పుడు చూసింది వకుళమాల. శిలైపోయిన మహారాజు కనుకొలకుల్లో ఏదో మెరుస్తోంది. అది కన్నీరు. రాతికి కన్నీరు రాదు కదా! యువరాజు దీపం దగ్గరికి చేరాడు. మొదటి వత్తి ఆరింది. కానీ ఇంకా ఆరు మిగిలే ఉన్నాయి. చెప్పవలసిన మాట మాత్రం ఒక్కటే మిగిలింది.

"ఆ పదివేలతో," అంది మెల్లగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "నేనొక ఓడ కట్టించాను."

"ఓడా!" అన్నారు పెద్దలందరూ ఒక్క గొంతుతో.

"ఓడే. మంచి టేకు. మంచి నార. ఎవరికీ తెలియకూడదు కనుక ఉప్పు పడవల కొట్టంలో కట్టించాను. రాజముద్ర లేకుండా కట్టించాను. అది చట్టప్రకారం తప్పే. మళ్లీ అవసరం వస్తే మళ్లీ అదే తప్పు చేస్తాను."

భైరవయ్య వేషంలో ఉన్నవాడు లేచి నిలబడ్డాడు. జవాబు పూర్తయింది కనుక ఇప్పుడు అతను ప్రశ్న వేయవచ్చు. గొంతులో తేనె పోసుకుని అడిగాడు. "చాలా బాగుందమ్మా. ఆ ఓడ ఇప్పుడు ఎక్కడుంది?"

వకుళమాల సింహాసనంవైపు చూసింది. రాజుగారి చెంపలమీద రాతిరంగు పోయి చామనచాయ పాకుతోంది. మరో వత్తి ఆరింది. ఆవిడ ఇటు తిరిగి, తడిసిన జుట్టు ముఖం మీదినుంచి తోసుకుని, మండపం దద్దరిల్లేలా చెప్పింది.

"నీ ఇంటిముందు ఉందిరా, కాలదంష్ట్రా!"

క్షణంలో ఆ నున్నటి ముఖం పగిలిన కుండలా చిట్లింది. దానిలోంచి కోరలు, కోరల వెనక ముక్కు, ముక్కు వెనక నల్లటి రెక్కలు! చూస్తుండగానే మాంత్రికుడు పెనుగద్దగా పెరిగి మండపం సగం నింపేశాడు. పెద్దల తలపాగాలు గాలికి ఎగిరిపోయాయి. సభాపతి స్తంభం చాటుకు దూరాడు. సింహాసనంవైపు ఒక్కసారి చూసి కాలదంష్ట్రుడికి అంతా అర్థమైపోయింది. వెర్రికేక పెట్టి, రెక్కలు విప్పి పైకప్పు కన్నంవైపు లేచాడు.

తీర్పు కాకుండా సత్యశిల దిగినవాడు నేరం ఒప్పుకున్నట్టే. ఆ సంగతి ఆవిడకు అందరికన్నా బాగా తెలుసు. తెలిసే దూకింది. మెడలోని రాగిగొలుసు తీసి గద్ద కాలికి చుట్టి, రెండు చేతులా బిగబట్టి వేలాడింది. మనిషి బరువు తగిలిందంటే మాంత్రికుల వాయువేగం సగానికి పడిపోతుంది. గద్ద తూలింది, స్తంభానికి కొట్టుకుంది, రాగిరేకు చీరుకుపోయింది. కానీ లేచింది. ఆవిడతో సహా లేచింది.

"వదిలెయ్ తల్లీ! చచ్చిపోతావు!" అని గండమనాయకుడు కిందనుంచి చేతులు చాచి పరిగెత్తాడు.

"నేను వదిలితే వాడు ముందు చేరతాడు నాయకా!" అన్నమాట కన్నంలోంచి వినిపించింది. ఆ తరువాత పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

సభాపతి స్తంభం చాటునుంచి వచ్చి, దుమ్ము దులుపుకుని, నీళ్లు నమిలాడు. "చట్టం... చట్టం ప్రకారం శిల ఖాళీ అయింది. అంటే కోశాధికారిణి..."

"శిల ఖాళీగా లేదు," అన్నాడు గండమనాయకుడు.

ఆయన అప్పటికే పైపంచె తీసి పక్కన పెట్టాడు. కుండ తానే ఎత్తుకుని, నెత్తిన గుమ్మరించుకుని, తెల్లమీసాలనుంచి నీళ్లు కారుతుండగా సత్యశిల ఎక్కి నిలబడ్డాడు. ఒకరి బదులు ఇంకొకరు నిలబడవచ్చు. కానీ తప్పు తేలితే పోయేది ఆ నిలబడ్డవాడి చెయ్యే. అది ఆయనకు తెలియనిది కాదు.

"ఆవిడ తిరిగి వచ్చేదాకా నేను ఆరను," అన్నాడు. "నీళ్లు పోస్తూ ఉండండి. ఏం అడగాలో నన్నడగండి. ఇందాక ఆ తల్లిని నేనన్న మాటకు నా నాలుక కోసినా పాపం లేదు."

రెండు వంతెనల పెద్దమనిషి లేచి వెళ్లి, బావినుంచి ఇంకొక కుండ నింపుకొచ్చి శిలపక్కన పెట్టి, అక్కడే నేలమీద కూర్చున్నాడు.

అప్పుడు సింహాసనం నుంచి రాయి రాయిని రాసుకున్నట్టు చప్పుడైంది. అందరూ గిర్రున తిరిగారు. కీర్తిధ్వజ మహారాజు ముఖం మనిషి ముఖమైంది. కళ్లు తిరుగుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. మెడనుంచి కిందికి మాత్రం అంతా నల్లరాయే. పైకి లేచిన చెయ్యి రాయి, గుండె రాయి. ఆ చామనచాయ మెడదగ్గరే ఆగిపోయింది. ఇంకొక్క వెంట్రుకవాసి కిందికి దిగలేదు. అక్కడ ద్వీపంలో వత్తులు ఆర్పే చెయ్యి ఆగిపోయింది!

మహారాజు చూపు సత్యశిలమీది ముసలాయన మీద నిలిచింది.

"గండమా," అన్నాడు, ఎన్నాళ్ల మౌనం తరువాతనో బొంగురుపోయిన గొంతుతో. "నా కొడుకు ఎక్కడ? బతికి ఉన్నాడా?"

గండమనాయకుడు ఒళ్లంతా తడితో నిలబడి ఉన్నాడు. ప్రభువుకు ధైర్యం చెప్పాలని ఉంది. ఉన్నాడు ప్రభూ, క్షేమంగా ఉన్నాడు అనాలని నోటిదాకా వచ్చింది. తడిమీద ఆడినది ప్రమాణం.

"తెలియదు మహాప్రభూ," అన్నాడు, ఏడుస్తూ. "వకుళమ్మ వెళ్లింది."